కిచెన్ కంజెస్టెడ్, బస్సు రష్: ఇరుకుకి, రద్దీకి ఏ ఇంగ్లిష్ మాట వాడాలి?

అద్దెకి ఒక ఇల్లు చూసొచ్చి, విదేశంలో ఉంటున్న ఓనర్‌కి ఇంగ్లిష్‌లో మెయిల్ పెట్టాను. ఇల్లు బాగానే ఉంది గానీ కిచెన్ కంజెస్టెడ్‌గా ఉందని రాశాను. ఆయన ఇంగ్లిష్ తప్ప ఇంకో భాష రాని మనిషి. మర్యాదగా జవాబిచ్చాడు: సింకు పైపులో ఏమైనా అడ్డుపడిందా, ప్లంబర్‌ని పంపమంటారా అని. నా బాధ పైపు గురించి కాదు. స్టవ్ ముందు నిలబడితే వీపు ఫ్రిజ్‌కి ఆనుతోందని. అంటే ఇరుకు అని. దానికి ఇంగ్లిష్‌లో క్రాంప్డ్ అనే మాట ఉందని నాకూ తెలుసు. కానీ రాసేటప్పుడు చేతికి వచ్చింది మాత్రం కంజెస్టెడ్, ఎందుకంటే తెలుగులో మాట్లాడేటప్పుడు రోజూ అనేది అదే.

ఇలా మన మాటల్లో కలిసిపోయినవి చాలానే ఉన్నాయి. బస్సు రష్‌గా ఉంది, హాలు ప్యాక్ అయిపోయింది, రోడ్డు జామ్ అయింది, షో హౌస్‌ఫుల్. తెలుగు వాక్యంలో ఉన్నంతసేపు వీటితో ఏ పేచీ లేదు, అందరికీ అర్థమవుతాయి. అవే మాటల్ని తీసుకెళ్ళి ఇంగ్లిష్ వాక్యంలో పెట్టినప్పుడే చిక్కు. మన దగ్గరికి వచ్చాక వాటి అర్థం కాస్త పక్కకి జరిగిపోయింది మరి.

డిక్షనరీ చూస్తే పెద్దగా లాభం ఉండదు. క్రౌడెడ్ అంటే ప్యాక్డ్ అని, ప్యాక్డ్ అంటే ఫుల్ అని, చుట్టూ తిప్పి మళ్ళీ మొదటికే తెస్తుంది. నేను చేసేది వేరు. అసలు నా ఫిర్యాదు ఏమిటో ముందు తెలుగులో తేల్చుకుంటాను. జనం ఎక్కువయ్యారా, చోటు చాలట్లేదా, కదలిక ఆగిపోయిందా, పరిమితి దాటిందా, బలవంతాన కుక్కారా? అది తేలితే ఇంగ్లిష్ మాట దాదాపు దానంతటదే దొరుకుతుంది. ఇరుకు, రద్దీ, కిక్కిరియడం, కుక్కడం అని మనకి విడివిడిగా మాటలు ఉండనే ఉన్నాయి కదా.

క్రౌడెడ్, క్రాంప్డ్

ఎక్కువమంది తడబడేది ఈ రెండింటి దగ్గరే. తేల్చుకోవడానికి ఒక చిన్న ఉపాయం ఉంది. ఆ గదిలో ఉన్నవాళ్ళందర్నీ మనసులోనే కాసేపు బయటికి పంపేయండి. మీ ఫిర్యాదు కూడా వాళ్ళతోపాటు బయటికి వెళ్ళిపోతే ఆ గది క్రౌడెడ్. గది ఖాళీ అయ్యాక కూడా మోచేయి గోడకి తగులుతూనే ఉంటే అది క్రాంప్డ్.

ఈ లెక్కన యాభై వేలమంది ఉన్న స్టేడియం క్రౌడెడ్ అవుతుంది గానీ క్రాంప్డ్ కాదు. ఆ స్టేడియంలో మీరు కూర్చున్న సీటు మాత్రం క్రాంప్డ్ కావచ్చు. విమానంలో పక్క సీట్లు రెండూ ఖాళీగా ఉన్నా మోకాళ్ళు ముందు సీటుకి గుచ్చుకుంటుంటే అది క్రాంప్డే. ఒక్క మనిషి కూడా లేని బాత్రూమ్ క్రాంప్డ్ కావచ్చు, క్రౌడెడ్ కాలేదు. ఈ మాట కండరాలు పట్టేయడాన్ని చెప్పే క్రాంప్‌కి చుట్టమే. రాత్రిపూట పిక్క పట్టేసినప్పుడు కాలు చాచుకోవాలని ఎంత తహతహలాడతామో గుర్తు తెచ్చుకోండి. చాచుకోవడానికి వీల్లేని చోటు క్రాంప్డ్. అక్షరాలు ఒకదానికొకటి అతుక్కుపోయేలా ఇరికించి రాసిన చేతిరాతని కూడా క్రాంప్డ్ అనే అంటారు.

క్రౌడెడ్ పుట్టుక వేరు. పాత ఇంగ్లిష్‌లో దాని మూలానికి నెట్టడం, ఒత్తడం అని అర్థం. జనసమూహం అనే అర్థం తర్వాతెప్పుడో వచ్చింది. ఆ పాత నెట్టుడు ఇప్పటికీ పోలేదు. ఎవరైనా మరీ మీదమీదకి వచ్చి నిలబడితే డోంట్ క్రౌడ్ మీ అంటారు. అక్కడున్నది ఒక్క మనిషే, అయినా క్రౌడే. జనమే ఉండాలనే నియమం కూడా లేదు. పళ్ళు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి వస్తే దంతవైద్యులు దాన్ని క్రౌడింగ్ అంటారు. పుస్తకాలతో నిండిన అలమరా, ముఖాలతో నిండిన ఫోటో, పోటీదారులతో నిండిన మార్కెట్, అన్నీ క్రౌడెడ్ కావచ్చు.

వాక్యంలో పెట్టేటప్పుడు ఇంకో తేడా ఉంది. క్రౌడెడ్ తర్వాత విత్ వస్తుంది, దేనితో నిండిందో చెప్పొచ్చు. క్రాంప్డ్ తర్వాత అలా విత్ పెట్టి జనాన్ని చేరిస్తే వినడానికి అతకదు. నిండడం ఆ మాట పని కాదు, కొలత చెప్పడమే దాని పని.

ఇల్లు అమ్మేవాళ్ళ భాషలో క్రాంప్డ్ అనే మాట మీకెక్కడా కనబడదు. అదే గదిని వాళ్ళు కాంపాక్ట్ అంటారు, ఇంకాస్త ధైర్యం చేస్తే కోజీ అంటారు. ఇంటి ప్రకటనలో కోజీ అని చూస్తే నేను టేపు వెంట తీసుకెళ్తాను.

పరిమితి దాటితే ఓవర్‌క్రౌడెడ్

దీన్ని చాలామంది బాగా క్రౌడెడ్ అనే అర్థంలో వాడేస్తారు. నిజానికి ఇందులో ఒక ఆరోపణ ఉంది. ఇంతమందికే చోటు ఉందని ఎవరో ఎక్కడో నిర్ణయించారు, ఆ గీత దాటారు అని. జైళ్ళు, ఆసుపత్రి వార్డులు, ఇళ్ళు, పడవల గురించి వచ్చే వార్తల్లో ఈ మాట ఎక్కువగా కనబడేది అందుకే. గీత ఎక్కడ గీశారన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. ఒకే గదిలో ముగ్గురికి మించి సర్దుకోవాల్సి వస్తే ఆ ఇంట్లో తగినంత చోటు లేనట్టేనని ఐక్యరాజ్యసమితి వారి యూఎన్ హాబిటాట్ లెక్క. అమెరికా ఇళ్ళ లెక్కల్లో గదికి సగటున ఒక్కరికి మించితేనే క్రౌడెడ్ కింద రాసుకుంటారు, ఒకటిన్నర దాటితే తీవ్రం అంటారు.

కాబట్టి సరదాగా కాఫీకి వెళ్ళిన చోటు గురించి స్నేహితుడికి రాస్తూ ఓవర్‌క్రౌడెడ్ అంటే, ఏదో అధికారికి ఫిర్యాదు పెడుతున్నట్టు ఉంటుంది. అక్కడ క్రౌడెడ్ చాలు. నిజంగానే ఫిర్యాదు రాస్తున్నప్పుడు మాత్రం ఓవర్‌క్రౌడెడ్ అనే రాయండి, దాని బలం దానికుంది.

దీని పక్కనే ఓవర్‌లోడెడ్ ఉంటుంది, రెండూ ఒకటి కావు. లిఫ్ట్‌లోకి చివరి మనిషి అడుగు పెట్టగానే బజర్ మోగుతుంది. తలుపు మూసుకోదు, అందరూ ఆ చివరి మనిషి వైపు చూస్తారు. ఆ బజర్ తలలు లెక్కపెట్టి మోగదు, బరువు చూసి మోగుతుంది. ఇద్దరు మనుషులు ఒక ఇనప బీరువాతో ఎక్కినా మోగొచ్చు. అప్పుడు లిఫ్ట్ ఓవర్‌లోడెడ్, ఓవర్‌క్రౌడెడ్ కాదు. పడవ విషయంలో ఏది రాయాలో మునగడానికి కారణం ఏమిటన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఓవర్‌ఫుల్ అనే మాట డిక్షనరీలో ఉంది గానీ మాటల్లో పెద్దగా వినబడదు. దాని బదులు టూ ఫుల్ అంటే సరిపోతుంది. అంచు దాటి బయటికి వస్తుంటే ఓవర్‌ఫ్లోయింగ్. చెత్తబుట్ట, బాత్‌టబ్, మెయిల్ ఇన్‌బాక్స్, మూడింటికీ నప్పుతుంది. అంచు వరకూ వచ్చి ఇంకా పొర్లకపోతే బ్రిమ్మింగ్.

కంజెస్టెడ్ అసలు ఉండేది ఎక్కడ

లాటిన్‌లో కుప్పగా పోగుచేయడం అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. ఇంగ్లిష్‌లో మొదట్లో వైద్యంలో బాగా తిరిగింది, ఒంట్లో ఒకచోట రక్తం చేరిపోవడం గురించి. రోడ్ల మీదికి ఆ తర్వాత వచ్చింది. ముక్కు దిబ్బడకి ఇప్పటికీ ఇదే మాట. ఈ వాడుకలన్నిట్లోనూ ఒకటే సంగతి ఉంది: ఏదో ఒకటి పారాలి, అది పారడం లేదు. రక్తం, గాలి, బళ్ళు, ఓడరేవులో కంటైనర్లు, నెట్‌వర్క్‌లో డేటా. 2003లో లండన్ నడిబొడ్డుకి వచ్చే బళ్ళ మీద రుసుము పెట్టినప్పుడు దానికి కంజెషన్ చార్జ్ అని పేరు పెట్టారు. అక్కడ సమస్య ఊళ్ళో బళ్ళు ఎక్కువున్నాయని కాదు, అవి కదలట్లేదని.

అందుకే కిచెన్ కంజెస్టెడ్ అంటే ఓనర్‌కి పైపు గుర్తొచ్చింది. ఆయన తప్పేం లేదు. ఇల్లు, గది, ఆఫీసు చిన్నగా ఉన్నాయని చెప్పాలంటే క్రాంప్డ్ అనాలి. ఇళ్ళన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఉన్న పేట గురించి చెప్పాలంటే డెన్స్‌లీ బిల్ట్ లేదా క్రౌడెడ్ అనాలి. మెట్ల దారిలో, ప్లాట్‌ఫాం మీద జనం ముందుకి కదల్లేకపోతుంటే మాత్రం కంజెస్టెడ్ అనొచ్చు, అక్కడ పారాల్సింది మనుషులే కాబట్టి.

కదలిక నెమ్మదించడం దాటి పూర్తిగా ఆగిపోతే జామ్డ్. ప్రింటర్‌లో కాగితం, తెరుచుకోని సొరుగు, రోడ్డు మీద బళ్ళు, అన్నీ జామ్ అవుతాయి. ఇంకా పైమెట్టు గ్రిడ్‌లాక్. నాలుగు కూడళ్ళలోనూ బళ్ళు అడ్డంగా నిలిచిపోయి, ఎటువైపు వాళ్ళు కదలాలన్నా ఇంకోవైపు వాళ్ళు ముందు కదలాలి, వాళ్ళు కదలాలంటే వీళ్ళు కదలాలి. 1980లో న్యూయార్క్ రవాణా కార్మికుల సమ్మె రోజుల్లో ఈ మాట జనం నోళ్ళలో పడింది. ఇప్పుడు చట్టసభల్లో ఏ బిల్లూ ముందుకి పోకపోయినా గ్రిడ్‌లాక్ అనే రాస్తున్నారు.

రష్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఇంగ్లిష్‌లో రష్ అంటే తొందర, పరుగు, లేదా ఒక్కసారిగా మీదపడడం. రష్ అవర్ సరైన మాటే, టికెట్ల కోసం రష్ అన్నా సరే. కానీ ది బస్ ఈజ్ రష్ అనే వాక్యం నిలబడదు. బస్సు క్రౌడెడ్. బ్యాంకులో, దుకాణంలో పని ఒత్తిడి ఎక్కువుంటే బిజీ. మన రద్దీ అనే ఒక్క మాట ఇంగ్లిష్‌లో ఇలా మూడు ముక్కలవుతుంది: మనుషుల సంఖ్య అయితే క్రౌడెడ్, హడావిడి అయితే బిజీ, దారి మూసుకుపోతే కంజెస్టెడ్.

పెట్టె మీద కూర్చుని చూస్తే

కుక్కడానికి సంబంధించిన మాటలకి ప్రయాణం ముందు రోజు రాత్రి సూట్‌కేస్ మంచి పాఠం. బట్టలు మడతపెట్టి, సాక్సులు బూట్లలో దూర్చి, అన్నీ సరిపోయేలా సర్దితే పెట్టె ప్యాక్డ్. ఇందులో బలవంతం లేదు, పొందిక ఉంది. తర్వాత ఒక దుప్పటి గుర్తొస్తుంది. దాన్ని మూలల్లోకి నొక్కి, పిడికిలితో గుద్ది దూరుస్తారు. ఇప్పుడది క్రామ్డ్. ఇక మడత కూడా పెట్టకుండా చేతికందింది అందినట్టు వేసేస్తే స్టఫ్డ్. మూత మీద ఒకళ్ళు కూర్చుని ఇంకొకళ్ళు జిప్పు లాగుతుంటే, పక్కలు ఉబ్బి కుట్లు సాగుతుంటే బల్జింగ్. మర్నాడు చెకిన్ దగ్గర జిప్పు ఊడి సాక్సు బయటికి తొంగిచూస్తే బర్స్టింగ్ అనక తప్పదు.

మనుషులకి వాడినా ఈ తేడా ఉంటుంది. ఆటోలో తొమ్మిదిమందిని క్రామ్ చేశారంటే ఎవరో కుక్కినట్టు, వాళ్ళకిష్టం లేకుండా. హాలు ప్యాక్డ్ అంటే వాళ్ళంతా ఇష్టపడే వచ్చారు. కచేరీ జరిగిన హాలు ప్యాక్డ్ అంటే నిర్వాహకులు సంతోషిస్తారు, ఓవర్‌క్రౌడెడ్ అంటే కంగారుపడతారు. హాలు అదే, జనం అదే. పరీక్ష ముందు రాత్రి బుర్రలోకి కుక్కడాన్ని క్రామింగ్ అనడంలోనూ ఆ బలవంతమే ఉంది.

చిన్న వ్యాకరణ సంగతి ఒకటి. క్రౌడెడ్‌కి వెరీ హాయిగా అతుకుతుంది. ప్యాక్డ్, క్రామ్డ్, జామ్‌ప్యాక్డ్ లాంటివి ఇప్పటికే చివరి మెట్టు మీదున్న మాటలు, వాటికి ముందు అబ్సల్యూట్లీ గానీ కంప్లీట్లీ గానీ వినసొంపుగా ఉంటుంది. అలాగే ఫుల్ తర్వాత ఆఫ్ వస్తుంది, ఫిల్డ్ తర్వాత విత్ వస్తుంది. ఫుల్ విత్ అనేది మన నోటికి అలవాటైన పొరపాటు.

స్టఫ్డ్‌కి, స్టఫీకి గందరగోళపడొద్దు. స్టఫీ గదిలో వస్తువులు ఎక్కువుండాల్సిన పనే లేదు, గాలి ఆడకపోతే చాలు. వస్తువులు ఎక్కువై అడ్డదిడ్డంగా పడి ఉంటే క్లటర్డ్. నా టేబుల్ ఎప్పుడూ అంతే. ఈ మాట రక్తం గడ్డకట్టడాన్ని చెప్పే క్లాట్‌కి దగ్గర బంధువని తెలిశాక దాన్ని సర్దాలనిపించింది, అనిపించి ఊరుకుంది.

చాకబ్లాక్ అనే మాట వింటే పిల్లల ఆటలా ఉంటుంది గానీ పుట్టింది తెరచాప ఓడల్లో. తాడు లాగుతూ లాగుతూ ఉంటే రెండు కప్పీలు దగ్గరికి వచ్చి ఒకదాన్నొకటి ఆనుకుంటాయి. ఇక ఎంత బలమున్నా లాగడానికి తాడు ఉండదు. అదే చాకబ్లాక్. మాటల్లో బాగుంటుంది, ఆఫీసు రిపోర్టులో వద్దు.

మెచ్చుకోలా, విసుగా

సంత ఒకటే. ఒకరికి బస్లింగ్, ఒకరికి క్రౌడెడ్. బస్లింగ్‌లో టీ పలకరు, రాస్తారు. పర్యాటక ప్రకటనల వాళ్ళకి అది ప్రాణం, ఎందుకంటే జనం ఉన్నారన్న సంగతిని సందడిగా మార్చేస్తుంది. అదే సంతలో పర్సు పోగొట్టుకున్నవాడు ఆ మాట చచ్చినా వాడడు.

టీమింగ్‌లో జీవం ఉంది. ప్రాణమున్నవి కదులుతూ, పుట్టుకొస్తూ ఉన్నట్టు అనిపిస్తుంది. పాత ఇంగ్లిష్‌లో ఆ మాటకి పిల్లల్ని కనడం అనే అర్థం. అందుకే చేపలతో నిండిన చెరువుకి అంత బాగా కుదురుతుంది, పుస్తకాలతో నిండిన అలమరాకి కుదరదు. కుండపోత వానని కూడా టీమింగ్ అంటారు గానీ అది వేరే మాట, పాత నార్స్ భాషలో ఖాళీ చేయడం అనే అర్థం నుంచి వచ్చింది. ఒకటి నింపేది, ఒకటి ఒలకబోసేది. వినడానికి మాత్రం కవలలు.

స్వార్మింగ్ తేనెటీగల నుంచి వచ్చింది కాబట్టి కాస్త భయం, కాస్త చిరాకు దాని వెంటే ఉంటాయి. క్రాలింగ్ విత్ అంటే ఇంకా చిరాకు. ఇన్‌ఫెస్టెడ్ పురుగులకీ ఎలుకలకీ తప్ప వాడకండి. మనుషులకి వాడితే అది తిట్టే.

ఊళ్ళకీ దేశాలకీ వేరే మాటలు

జనాభా ఎక్కువున్న దేశం పాపులస్. ఐక్యరాజ్యసమితి అంచనాల ప్రకారం 2023లో చైనాని దాటి భారతదేశం మోస్ట్ పాపులస్ అయింది. అంతే గానీ మోస్ట్ డెన్స్‌లీ పాపులేటెడ్ కాదు. మొనాకోని చూడండి. రెండు చదరపు కిలోమీటర్ల చోటు, నలభై వేలకి లోపు జనం. పాపులస్ అనడానికి లేదు, కానీ డెన్సిటీలో దానిది పైచేయి. రష్యా దీనికి తిరగేసిన బొమ్మ: జనం పద్నాలుగు కోట్ల పైమాటే, నేల మాత్రం దిగంతాల దాకా. ఓవర్‌పాపులేటెడ్ అన్నారంటే అది లెక్క కాదు, రాసినవాడి అభిప్రాయం. అన్నట్టు, పాపులస్ అనిపించేలాగే పలికే ఇంకో మాట ఉంది, దాని స్పెల్లింగ్ చివర ఏసీఈ వస్తుంది. దానర్థం ప్రజలు. పెద్ద పెద్ద పత్రికల్లోనూ ఈ రెండూ తారుమారవుతుంటాయి.

స్టాంపీడ్ అని రాసే ముందు

జనం ఎక్కువైన చోట ప్రాణాలు పోతే తెలుగులో తొక్కిసలాట అని ఒకే మాట రాస్తాం. ఇంగ్లిష్‌లో స్టాంపీడ్, క్రష్ అని రెండున్నాయి, ఈ తేడా ఊరికే భాష కోసం పట్టించుకోవాల్సింది కాదు. స్టాంపీడ్ స్పానిష్ నుంచి వచ్చింది, బెదిరిన పశువుల మంద పరుగు గురించి. ఆ మాట వాడితే జనమే భయపడి పరుగెత్తి ఒకరినొకరు తొక్కుకున్నారని అర్థం వస్తుంది, అంటే తప్పు వాళ్ళదే అన్నట్టు. 2022 అక్టోబర్‌లో సియోల్‌లోని ఇటేవాన్‌లో వాలుగా ఉన్న ఒక ఇరుకు సందులో 159 మంది చనిపోయారు. అక్కడ పరుగెత్తడానికి అడుగు చోటు లేదు. ఇలాంటి చోట్ల ఎక్కువమంది చనిపోయేది కాళ్ళ కింద పడి కాదు, నిలబడిన చోటే ఛాతీ మీద ఒత్తిడి పెరిగి ఊపిరి అందక. అందుకే జనసమూహాల భద్రత చూసేవాళ్ళు క్రౌడ్ క్రష్ అనమంటారు. చదరపు మీటరుకు ఐదారుగురు దాటాక ఎవరి అడుగు మీద వాళ్ళకి పట్టు ఉండదు, మొత్తం జనం నీళ్ళలా ఊగుతారు. వార్త అనువదిస్తున్నవాళ్ళయితే అక్కడ నిజంగా పరుగు ఉందా, ఒత్తిడి ఉందా అని ఒక్కసారి చూసుకుని మాట ఎంచుకోండి.

చివరికి మిగిలింది హౌస్‌ఫుల్. ఆ బోర్డు చూస్తే మనకి సంబరమే గానీ, బయటి దేశాల్లో ఆ మాట ఆ రూపంలో అంతగా వినబడదు. వాళ్ళకది ఎక్కువగా ఫుల్ హౌస్ లేదా సోల్డ్ అవుట్. సీట్లు అయిపోయి, నిలబడి చూసే చోటు మాత్రం మిగిలితే స్టాండింగ్ రూమ్ ఓన్లీ. ఫుల్ హౌస్, సోల్డ్ అవుట్ కూడా అచ్చంగా ఒకటి కావు. మొదటిది కుర్చీల లెక్క, రెండోది టికెట్ల లెక్క. టికెట్లన్నీ అమ్ముడై, సాయంత్రం జోరువాన పట్టుకుని సగంమంది రాకపోయారనుకోండి, ఆ షో సోల్డ్ అవుటే, హౌస్ మాత్రం ఫుల్ కాదు.